అజాన్‌కి రెండు వాయిల ముందు

"ఆయన మామూలుగా ఉండగా మీరు ఆఖరిసారి ఎప్పుడు చూశారు పిన్నీ? మూతి వంకరపోయాక కాదు, దానికి ముందు. మాటా చెయ్యీ నడకా అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు. ఎన్ని గంటలకి?" అని అడిగాడు కుర్ర డాక్టరు. ఆమె నోరు తెరిచేలోపే, "స్కాను అయ్యేలోపు బాగా గుర్తు చేసుకోండి. మందు ఇవ్వాలా వద్దా అన్నది ఆ టైము మీదే ఉంది. నిజమైన టైము కావాలి, తోచింది కాదు," అని చక్రాల మంచం వెంట తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు రెండుసార్లు అటూ ఇటూ ఊగి ఆగింది. హనియా చేతుల్లో మొగుడు అల్లాల్ పసుపురంగు చెప్పులు మిగిలాయి. మడమ దగ్గర తోలు అరిగి నల్లబడి ఉంది, లోపల అంతా పిండి. ఎన్నిసార్లు దులిపినా పోని పిండి, పక్కమీదికీ నమాజు చాప మీదికీ ఎక్కే పిండి, ముప్పై నాలుగేళ్ళుగా తిట్టుకుంటూ దులుపుతున్న పిండి. ఇవాళ దులపబుద్ధి కాలేదు. చెప్పుల్ని ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది.

ఎన్ని గంటలకి అంటున్నాడు. గంటలు ఎవరు చూశారు నాయనా, తమ బతుకులో టైమంటే రొట్టెలే కదా, తెల్లారి కట్టెలు అంటించే వేళ ఒకటి, వీధిలో ఇళ్ళవాళ్ళు కాల్చిపెట్టమని పంపే పిండి పలకలు రావడం మొదలయ్యే వేళ ఒకటి, బట్టీ నిండా పెట్టి తీస్తే ఒక వాయి, వాయికి ఇరవై నిమిషాలు, చలికాలం కట్టెలు చెమ్మగా ఉంటే ఇంకో రెండు. పక్కింటికి వెళ్ళినా ఒక వాయి కాలేలోపు వచ్చేస్తానని చెప్పే వెళ్ళేది. పెద్దాడు పుట్టినప్పుడు నొప్పులు మొదలయ్యాక పదకొండు వాయిలు పట్టిందని అల్లాల్ ఇప్పటికీ అందరికీ చెప్తాడు, సిగ్గు లేకుండా. చెప్తాడు. ఇంకా చెప్తాడా? ఆ నాలుక లోపల ఎక్కడో మడతపడిపోయి, బండిలో తీసుకొస్తుంటే ఆమె కేసి చూసి ఏదో అన్నాడు, అది మాట కాదు, నోట్లో పిండి ముద్ద పెట్టుకుని అన్నట్టుంది, కళ్ళు మాత్రం అడుగుతున్నాయి, ఏమైందే నాకు అని. ఎదురు గోడమీద గుండ్రటి తెల్ల గడియారం టక్కు టక్కుమంటోంది, నాలుగూ పది. దాన్ని చూసి చూపు తిప్పేసుకుంది.

పక్కన లల్లా బతూల్ కూర్చుని జపమాల తిప్పుతోంది. వీధిలో పెద్దింటి కోడలు, ఇప్పుడు పెద్దింటి అత్తగారు, అందరూ మర్యాదగా లల్లా అంటారు, నోరు విప్పితే ఫెజ్ ఊరి పాతపేట సగం వింటుంది. కానీ అల్లాల్‌ని ఎక్కించిన చేతిబండి వెంట పాతపేట గేటుదాకా పరిగెత్తింది ఆవిడే, అంబులెన్సులో ఎక్కి కూర్చుందీ ఆవిడే, చెప్పు తెగితే ఒక కాలికి చెప్పు లేకుండానే వచ్చింది. నిజానికి ఇవాళ్టి గొడవంతా మొదలైంది ఆవిడ రొట్టెతోనే. ఆవిడ ఇంటి రొట్టె మెత్తటి రవ్వతో చేస్తారు, సోంపు గింజలు వేస్తారు, పైన ఫోర్కుతో నాలుగు గాట్లు. గాట్లు లేకపోయినా అల్లాల్‌కి తెలుస్తుంది. వీధిలో అరవై ఇళ్ళ పిండి అతని చేతికి తెలుసు, అందుకే అందరూ మాల్లెం అంటారు, పనిలో గురువని. ఏ ఇంట్లో అత్త పిసికింది, ఏ ఇంట్లో కోడలు పిసికింది, ఎవరు ఏడుస్తూ పిసికారు, ఎవరు మొగుడి మీద కోపం పిండి మీద చూపించారు, పలక మీద గుడ్డ తీసి చూస్తే చాలు. ఒకసారి బతూల్ ఇంటి పిండిలో వారం రోజులు సోంపు లేకపోతే, "లల్లా, మీ కోడలికి వాసన పడటం లేదులా ఉంది, శుభమే," అన్నాడు. ఆ ఇంట్లో అప్పటికి ఎవరికీ తెలియదు. అప్పుడు కడుపులో ఉన్న పిల్లకి ఇప్పుడు ఆరేళ్ళు, పలక నెత్తిన పెట్టుకుని తనే వస్తుంది. ముప్పై ఏళ్ళలో ఒక ఇంటి రొట్టె ఇంకో ఇంటికి వెళ్ళలేదు. ఇవాళ వెళ్ళింది. అప్పుడే తెలియాలి తనకి. ముప్పై ఏళ్ళు తప్పని చెయ్యి తప్పితే అది చెయ్యి తప్పు కాదని తెలియక్కర్లా?

"మాల్లెం అల్లాల్‌కి ముసలితనం వచ్చేసిందర్రా!" అని కేకేసుకుంటూ వచ్చింది బతూల్, పలక మీద నల్లటి బార్లీ రొట్టెలు పెట్టుకుని. "మా ఇంటికి బార్లీ రొట్టె పంపించాడు, మా అత్తగారు గోరీలో అటు నుంచి ఇటు తిరిగుంటుంది!" రబాత్‌లో ఉన్న అక్కచెల్లెళ్ళకి పంపించి నవ్వించాలని ఫోనుతో ఫోటో కూడా తీసింది. బట్టీ ముందు నిలబడ్డ ఆడవాళ్ళంతా నవ్వారు. హనియా కూడా నవ్వింది. అల్లాల్ పొడవాటి చెక్క తెడ్డు పట్టుకుని బట్టీ ముందు గుంటలో నిలబడి ఉన్నాడు, ఏమీ అనలేదు, మూతి ఒక పక్కకి పోయి ఉంది, మంట వెలుగులో అది సగం నవ్వులా కనిపించింది. అవును, నవ్వుతున్నాడనే అనుకుంది. పెళ్ళాన్ని ఏడిపించేటప్పుడు అలాగే ఒక పక్కనించి నవ్వుతాడు మరి. తర్వాత తెడ్డు జారి రాతి నేల మీద పడింది. అది కూడా వయసనే అనుకుంది.

తెడ్డు పడటం ఇది మొదటిసారి కాదు, అదీ అసలు సంగతి. పదిహేను రోజుల కిందట ఒక పొద్దున కుడిచెయ్యి మొద్దుబారిందన్నాడు, తెడ్డు పట్టు తప్పి నాలుగు రొట్టెలు మాడిపోయాయి, మాట కూడా కాస్త ముద్దగా వచ్చింది, ఆమె చెయ్యి ఒత్తుతూ కూర్చుంది, అర వాయి కాలేలోపు అంతా సర్దుకుంది. లేచి చెయ్యి ఆడించి చూసుకుని, "చూశావా, ఏం లేదు, నిద్ర పట్టి లేచిందంతే," అన్నాడు. ఇద్దరూ టీ తాగారు. మాడిన రొట్టెలు ఎవరివో వాళ్ళకి తమ పిండితో కొత్తవి చేసి పంపించారు. వచ్చి పోయింది కదా అనుకున్నారు. ఇందాక డాక్టరు రాసుకుంటూ ఈ ముక్క విని కలం ఆపి తల ఎత్తి చూశాడు, తిట్టలేదు, "అది హెచ్చరిక పిన్నీ, ఆ రోజే వచ్చుండాల్సింది," అన్నాడు. తిట్టినా బాగుండేది. ఇక మాత్రల సంగతి. రక్తపోటని రెండేళ్ళ కిందటే చెప్పారు, రోజూ పొద్దున ఒకటి వేసుకోమన్నారు, ఉప్పు తగ్గించమన్నారు. మూడు నెలలు వేసుకున్నాడు. తల తిరగడం తగ్గింది, బాగున్నానన్నాడు, బాగున్నవాడికి మందెందుకన్నాడు. తల నొప్పిగా ఉన్న రోజు ఒకటి మింగేవాడు, మనశ్శాంతికి. పొయ్యి దగ్గర చెమట పోసేవాడికి ఉప్పు తగ్గితే ఒంట్లో ఏముంటుందని రొట్టెలోకి ఉప్పులో ఊరిన ఆలివ్‌లు నంజుకు తినేవాడు, చారెడేసి. ఆమె మొదట్లో పోట్లాడింది, తర్వాత బతిమాలింది, తర్వాత ఊరుకుంది. ఊరుకున్నానే, ఎందుకు ఊరుకున్నాను, పిండి చెప్పుల గురించి ముప్పై నాలుగేళ్ళు ఊరుకోలేదు, మాత్ర గురించి మూడు నెలలకే ఊరుకున్నాను. మాత్రల డబ్బా బట్టీ గూట్లో ఉంది ఇప్పటికీ, గడియారం కింద, మసి పట్టి.

గడియారం మాత్రం ఆయనకి ప్రాణం. రోజూ కీ ఇస్తాడు, శుక్రవారం అద్దం తుడుస్తాడు. కొన్నేళ్ళ కిందట ప్రభుత్వం దేశంలో గడియారాలన్నీ ఒక గంట ముందుకి జరిపి అలాగే ఉంచేస్తే, దానిమీద చెయ్యి వెయ్యనివ్వలేదు. "సూర్యుడు నడినెత్తికి ఎప్పుడు రావాలో సర్కారు చెప్తుందా? వాళ్ళ గంట వాళ్ళది, నా గంట నాది," అన్నాడు. బడికీ బ్యాంకుకీ బస్సుకీ కొత్త గంట, బట్టీకి పాత గంట. రంజాన్ నెల ఒక్కటీ ప్రభుత్వమూ వెనక్కి జరుగుతుంది, అప్పుడు చూడాలి అతని గర్వం, ఏడాదికి ఒకసారైనా దారికొచ్చారని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్తాడు. ఆమె కూడా ఈ కాపురంలో పడి గడప లోపల ఒక గంటా గడప బయట ఒక గంటా బతకడం నేర్చుకుంది. పెద్దాడు టాంజియర్ నుంచి ఫోను చేస్తానన్నప్పుడు మాత్రం ఒకటికి రెండుసార్లు వేళ్ళు లెక్కపెట్టుకునేది. వాడికి ఫోను చెయ్యాలి. ఏమని చెప్పడం. స్కాను అయ్యాక చేద్దాం, ఒక మాట తెలిశాక. కాళ్ళు రెండూ ఎముకలదాకా చల్లబడ్డాయి, ఈ ఆసుపత్రి నేలకి ఎండ మొహం తెలియదులా ఉంది.

చల్లగాలి. అందరూ అన్న మాట అదే. తెడ్డు పడ్డాక బతూల్ నవ్వు ఆపి, దగ్గరికొచ్చి మొహం చూసి, "అయ్యో, లఖ్వా! గాలి కొట్టింది మనిషికి!" అంది. బట్టీవాళ్ళకి అది మామూలే, వేడిలోంచి చెమటతో తలుపు దగ్గరికి వస్తే చల్లగాలి చెంప మీద కొట్టి మూతి తిప్పేస్తుందంటారు, అతని తండ్రికి ఒకసారి అయింది, నెల రోజుల్లో తగ్గింది. కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. అదే వాళ్ళ ఖర్మ, కంగారు పడాల్సిన చోట అందరికీ అన్నీ తెలుసు. చెంపకి ఆలివ్ నూనె వేడిచేసి జీలకర్ర కలిపి రుద్దింది హనియా, ఊలు గుడ్డ కట్టింది, రుద్దుతుండగానే మధ్యాహ్నం అజాన్ వినిపించింది, రుద్దడం ఆపి దువా చేసింది. చాప మీద పడుకోబెట్టారు. కునుకు తీస్తే తగ్గుతుందన్నారు. బతూల్ తేనె నీళ్ళు తెచ్చి నోట్లో పొయ్యబోతే అవి పెదవి పక్కనించి కారిపోయాయి, అతను పొలమారి దగ్గాడు, ఆ దగ్గుకి భయపడి మానేశారు. తర్వాత, లఖ్వాకి చెంప మీద పాత చెప్పుతో మూడు దెబ్బలు కొట్టి మంత్రించే ముసలాయన సెఫ్ఫారీన్ పేట అవతల ఉన్నాడు, ఆయన చెయ్యి మంచిది, పోదాం పదమన్నారు. ఇద్దరు మగాళ్ళు చెరో జబ్బా పట్టుకున్నారు. కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చింది. కాలు ఎందుకు ఈడుస్తున్నావయ్యా, గాలి చెంపకి కదా కొట్టింది అని ఆమెకి అప్పుడు ఒక్క క్షణం తట్టింది, తట్టి పోయింది.

దారిలో మందుల షాపు అమ్మాయి లేకపోతే, తలగుడ్డ లేకుండా తెల్లకోటులో మెట్ల మీద నిలబడి ఫోను చూసుకుంటున్న ఆ అమ్మాయి తలెత్తకపోతే, ఈ పాటికి తను చెప్పుదెబ్బలు లెక్కపెడుతూ ఉండేది. ఆ అమ్మాయి అందర్నీ ఆపేసింది. "మామా, నవ్వండి ఒకసారి. రెండు చేతులూ ముందుకి చాపండి. కళ్ళు మూసుకోండి." ఎడమ చెయ్యి నిలబడింది. కుడిచెయ్యి లేచినట్టే లేచి మెల్లగా కిందికి దిగిపోయింది, ఎవరో పైనుంచి నొక్కినట్టు. "మీ పేరు, వీధి పేరు చెప్పండి." పిండి ముద్ద మాట. "గాలి కొడితే మొహమే తిరుగుతుంది, చెయ్యి పడిపోదు," అని ఆ అమ్మాయి అప్పటికే అంబులెన్సుకి ఫోను కలుపుతోంది, "పక్షవాతం ఇది, నోట్లో ఏమీ పొయ్యకండి, నీళ్ళు కూడా, పరిగెత్తండి." పాతపేట సందుల్లోకి కారు రాదు, గాడిద తప్ప ఏదీ రాదు. తోలు మూటలు మోసే చేతిబండి ఒకటి అటు వస్తుంటే మూటలు దింపించి అల్లాల్‌ని ఎక్కించారు. పచ్చి తోలు కంపు. బండివాడు "తప్పుకోండి, తప్పుకోండి" అని అరుస్తూ ఆ ఎత్తు దారిలో గేటుదాకా ఒక్క ఊపులో తోశాడు, వాడి పేరు కూడా అడగలేదు తను. అల్లాల్ ఆకాశం వైపు చూస్తూ పడుకున్నాడు, ఒక చెప్పు జారిపోతే ఆమె ఏరుకుని రెండోదీ విప్పేసి చేత్తో పట్టుకుంది.

ఇదంతా తర్వాతిది. డాక్టరు అడిగింది దీనికి ముందుది. బార్లీ రొట్టె పలక మీదికి ఎక్కేటప్పటికే ఆయన బాగాలేడు. దానికి ముందు. హనియా కళ్ళు మూసుకుంది. ఆ ముందు ఏముంది? టీ. అవును, టీ గ్లాసు తీసుకుని గుంట దగ్గరికి వంగింది, పుదీనా ఎక్కువైంది, గ్లాసు అందుకున్నాడు, ఏ చేత్తో? కుడిచేత్తో. వేడిగా ఉందని వేళ్ళు మార్చుకున్నాడు. తాగాడు, కారలేదు. బట్టీలో వాయి పెట్టి అప్పుడే తలుపు మూశాడు, నుదురు మోచేత్తో తుడుచుకున్నాడు, గోడకేసి చూశాడు. "పన్నెండుకి పది తక్కువ. ఇది తీసి, ఇంకో వాయి తీస్తే అజాన్. ఆ తర్వాత అన్నం పెట్టు, ఆకలేస్తోంది," అన్నాడు. "పప్పు కూరే, మాంసం లేదు," అంది తను. "నువ్వు పక్కన కూర్చుంటే పప్పే మాంసంలే," అన్నాడు. "అరవై దాటాక ఈ వేషాలొకటి," అని గ్లాసు లాక్కుంది. మాట గుండ్రంగా, గట్టిగా, ఒక్క అక్షరం నలగకుండా వచ్చింది. ఆ మాటే ఆఖరిది. ఆ మాటకి తను నవ్వనైనా లేదు, మూతి తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. దొరికింది. టైము దొరికింది. పన్నెండుకి పది తక్కువ.

తలుపు ఊగింది. డాక్టరు వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "పిన్నీ, మెదడులో నరం చిట్లలేదు, అది మంచి కబురు. ఒక నరంలో రక్తం గడ్డకట్టి అడ్డం పడింది. కరిగించే మందుంది. మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. చెప్పండి."

"పన్నెండుకి పది నిమిషాలు తక్కువ. నాతో మాట్లాడాడు, టీ తాగాడు, గడియారం చూసి తనే చెప్పాడు."

"ఖాయమేనా?"

"ఖురాన్ మీద ఒట్టు."

అతను గోడ గడియారం చూశాడు, ఆమె కూడా చూసింది, నాలుగూ ఇరవై అయిదు. అతని పెదవులు కదిలాయి, లెక్క వేసుకుంటున్నాడు, తర్వాత ముఖంలో ఏదో ఆరిపోయింది. "నాలుగు గంటల ముప్పై అయిదు," అన్నాడు మెల్లగా. "దాటిపోయింది పిన్నీ. దాటాక ఇస్తే తలలోనే నరం చిట్లే ప్రమాదం ఎక్కువవుతుంది. మిగతా వైద్యం చేస్తాం, ఒదిలెయ్యం. కానీ ఆ మందు కాదు. మా పెద్ద డాక్టరుతో ఒక మాట మాట్లాడి వస్తాను." లేచాడు. అయిదు నిమిషాలు. అయిదు నిమిషాలంటే పావు వాయి. జీలకర్ర నూనె కాచినంతసేపు. ఊలుగుడ్డ వెతికినంతసేపు. తేనె నీళ్ళు కలిపినంతసేపు. కుడిచెయ్యి లేని అల్లాల్. తెడ్డు పట్టని అల్లాల్. పప్పే మాంసం అనలేని అల్లాల్, పక్కమీద గోడవైపు తిరిగి, ఏమీ అనకుండా, ఆ కళ్ళతో. ఆ కళ్ళు ఇంకెన్నేళ్ళు అడుగుతాయి తనని?

బతూల్ దగ్గరికి జరిగి చెవిలో అంది. "ఒసే, ఒంటిగంట అని చెప్పు. తప్పు గుర్తొచ్చిందని చెప్పు. ఎవరు చూడొచ్చారు?"

"విన్నావుగా లల్లా, తలలో నరం చిట్లుతుందట. అబద్ధం చెప్పి నా చేత్తో నేను చంపుకోనా?"

"అయితే ఊరికే కూర్చుంటావా?"

"కూర్చుంటా," అంది హనియా, కూర్చునే ఉంది, ఏడుపు రాలేదు, చెప్పుల్లో పిండి వేలితో గీకుతోంది. గీకిన కొద్దీ వస్తోంది, తెల్లగా. ఎన్ని వేల రొట్టెలు. అతని తెడ్డు పిడి దగ్గర అరచేయి పట్టినంత మేర గుంటపడింది, వేరేవాళ్ళ చెయ్యి అందులో ఇమడదు. ఎవరికిస్తాం ఆ తెడ్డు. బట్టీ చల్లారిపోతుంది. చల్లారిన బట్టీని మళ్ళీ వేడెక్కించాలంటే రెండు రోజులు పడుతుంది, అందుకే మామగారు పోయిన రోజు కూడా అల్లాల్ నిప్పు ఆర్పలేదు, ఖననం చేసి వచ్చి ఎర్రబడ్డ కళ్ళతో కట్టెలు వేశాడు. ఇవాళ వస్తూ వస్తూ తను నిప్పు సంగతే చూడలేదు. రెండో వాయి లోపలే ఉండిపోయింది, మాడి బొగ్గయి ఉంటుంది, అరవై ఇళ్ళు ఇవాళ రొట్టె లేకుండా తింటాయి. అజాన్ అయ్యాక అన్నం పెట్టమన్నాడు. పెట్టలేదు. మనిషి ఆకలితో ఉన్నాడు.

అజాన్. కిటికీ అవతల దగ్గర్లోని మసీదు నుంచి సాయంత్రం నమాజుకి అసర్ అజాన్ మొదలైంది, తర్వాత ఇంకో మసీదు, ఇంకోటి, ఊరంతా ఒకదాని మీద ఒకటి. ఆమె అలవాటుగా గోడకేసి చూసింది. నాలుగున్నర దాటింది. ఇదేమిటి, ఈ రోజుల్లో అసర్ మూడున్నర దాటాక కదా. రోజూ ఆ వేళకే కదా సాయంత్రం పలకలకి చోటు సర్దుతుంది, గూట్లో గడియారం చూస్తూనే సర్దుతుంది, మూడూ ముప్పై అయిదు అలా. నాలుగున్నర ఎందుకైంది? ఈ గడియారం తప్పా? గంట ముందుంది. గంట ముందు. ఒక గంట.

చెప్పులు ఒళ్ళోంచి జారి నేలమీద పడ్డాయి. లేచింది. లేచిన సంగతి కూడా ఆమెకి తెలియదు, కారిడార్ చివర డాక్టరు తెల్లకోటు కనిపిస్తే దానివెంట పరిగెత్తింది. "బాబూ! బాబూ! ఆ పన్నెండు మా పన్నెండు! మీది కాదు!"

అతను వెనక్కి తిరిగాడు. ఆమె రొప్పుతోంది. పాత గంట, బట్టీ గోడ, ఆయన మార్చనివ్వలేదు, ఏమంటోందో తనకే తెలియకుండా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి మాటలు. అతని ముఖంలో జాలి కనిపించింది, జాలి వెనకాల అనుమానం కూడా. అందరూ ఇలాగే వచ్చి టైము మారుస్తారు కాబోలు. "పిన్నీ, నేను ఇందాక చెప్పాను. ఈ మందుతో ఆడుకోకూడదు. మీరు ఒట్టు వేసి చెప్పారు."

ఆమె నిలబడింది. ఊపిరి తీసుకుంది. గొంతు ఎందుకో ఒక్కసారిగా నిమ్మళించింది, ఇది తనకి తెలిసిన లెక్క. "ఒట్టు మీదే ఉన్నాను. గడియారం మాట వదిలెయ్ నాయనా. రొట్టెలు లెక్కపెట్టు. ఆయన నాతో మాట్లాడినప్పుడు ఒక వాయి అప్పుడే లోపల పెట్టాడు. అది తీశాక ఇంకో వాయి, అప్పుడు మధ్యాహ్నం అజాన్ అన్నాడు. మొదటి వాయి తీసి పలకలకి ఎక్కించినప్పుడే లల్లా ఇంటికి తప్పు రొట్టె వెళ్ళింది. ఆ తర్వాత నేను చెంప రుద్దుతుంటే అజాన్ అయింది. వాయికి ఇరవై నిమిషాలు, ఇవాళ కట్టె చెమ్మగా ఉంది, ఇరవై రెండనుకో. అజాన్‌కి రెండు వాయిల ముందు ఆయన బాగున్నాడు. ఇవాళ మీ గంటల్లో మధ్యాహ్నం అజాన్ ఎప్పుడైంది, నువ్వే చెప్పు."

డాక్టరు జేబులోంచి ఫోను తీశాడు. "ఒకటీ ముప్పై ఆరు."

ఈలోగా బతూల్ ఒక కాలి చెప్పుతో టకటకమంటూ వచ్చి తన ఫోను అతని ముక్కు కిందికి తోసింది. "ఇదిగో బార్లీ రొట్టె! నా పలక మీద! అక్కయ్యకి పంపించాను, టైము కింద రాసి ఉంటుంది, నాకు కళ్ళద్దాలు లేవు, నువ్వు చదువు!"

ఒకటీ పద్నాలుగు. అతను ఆ ఫోటో కేసి చూశాడు, నల్లటి రొట్టెలు, కింద బతూల్ పెట్టిన రెండు నవ్వు బొమ్మలు. మళ్ళీ పెదవులు కదిలాయి. "పన్నెండు యాభై," అన్నాడు తనలో తను, "మూడు గంటల నలభై అయిదు..." తలెత్తాడు. "మా అమ్మమ్మ ఇంట్లో కూడా పాత గంటే పిన్నీ. నేనే అడిగుండాల్సింది." ఆ మాట సగం పరిగెత్తుతూనే అన్నాడు, తలుపు అవతల నర్సుని పేరు పెట్టి అరిచాడు, సీసా తీయండి, బరువు ఎంతన్నారు, బీపీ మళ్ళీ చూడండి, టైము రాసుకోండి. తలుపు చాలాసేపు ఊగుతూనే ఉంది. అప్పుడొచ్చింది హనియాకి ఏడుపు. గోడకి జారబడి కూర్చుని, పక్కన లల్లా అని కూడా చూడకుండా బతూల్ ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చింది. బతూల్ వీపు నిమురుతూ, ఎవరినో తిడుతూనే ఉంది, ప్రభుత్వాన్నో గడియారాన్నో చల్లగాలినో.

ఆమెని లోపలికి పిలిచేసరికి కిటికీలో ఎండ ఎర్రబడింది. సన్నటి గొట్టంలోంచి మందు చుక్కలు చుక్కలుగా దిగుతోంది. ఒక్కొక్క చుక్కనీ ఆమె కళ్ళతో తోసింది, పో, లోపలికి పో, ఆ గడ్డ దగ్గరికి పో. అల్లాల్ చెంప మీద జీలకర్ర ఇంకా అంటుకునే ఉంది, ఆసుపత్రి వాసనల మధ్య వంటింటి వాసన. కుడిచేతి వేళ్ళు దుప్పటి మీద ఉన్నాయి. ఆమె వాటిని పట్టుకోలేదు, భయం, పట్టుకుంటే కదలవేమోనని. డాక్టరు పావుగంటకోసారి వచ్చి చెయ్యి ఎత్తమంటున్నాడు, కాలు ఎత్తమంటున్నాడు. మూడోసారికి చెయ్యి జానెడు లేచి పడింది. అయిదోసారికి లేచి, వణుకుతూ, రెండు చుక్కలు పడేంతసేపు ఆగింది. డాక్టరు వంగి గట్టిగా అన్నాడు. "మాల్లెం! ఒక మాట చెప్పండి. మీకు తోచింది ఏదైనా సరే."

అల్లాల్ కళ్ళు గది అంతా తిరిగాయి. ఆమె మీద ఆగాయి, దాటాయి, మంచం ఎదురుగా గోడమీద ఆగాయి. నుదురు ముడిపడింది. పెదవులు ఒకసారి, రెండుసార్లు ప్రయత్నించాయి.

"ఆ గడియారం..." అన్నాడు. మాట నలిగింది, కానీ మాటే. "గంట... ముందుంది."

డాక్టరు నవ్వేశాడు, నర్సు ఎందుకో తెలియకుండానే నవ్వింది. హనియా మాత్రం తలగుడ్డ చెంగుతో కళ్ళు తుడుచుకుని అతని చెంప మీది జీలకర్ర గింజలు ఒక్కొక్కటే ఏరింది.

"దాన్ని ఉండనీ మాల్లెం, అది ఇక్కడివాళ్ళ గంట. మనది ఇంట్లో ఉంది. రేపట్నుంచి దాని కింద రోజూ పొద్దున్నే మాత్ర పెడతాను. పాత గంటో కొత్త గంటో నీ ఇష్టం, మింగాల్సిందే," అంది.

అతని మూతి ఒక పక్కకి కదిలింది. ఆమె వంగి, మంచం పక్కనున్న దీపం కాస్త దగ్గరికి జరిపి, ఈసారి పరీక్షగా, రెండు వైపులా చూసింది. నవ్వే.